ముక్తినాథ్‌లో మా బాబాయి

పరాయి దేశంలో మన భాష వినపడితే చాలు, ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. "ఎక్కడివాళ్ళండీ మీరు?" అని మొదలై, "భీమవరమా! మాది పాలకొల్లండీ" అని సాగి, వాళ్ళ చుట్టాల్లోంచి మన చుట్టాన్నొకణ్ణి బయటికి లాగేదాకా ఆగదు. ఫోన్ నంబర్లు కూడా రాసుకుంటాం. మళ్ళీ ఈ జన్మలో చేసుకోం, అది వేరే సంగతి. కానీ 2018 వేసవిలో నేపాల్‌లో మా నాన్నకి ఎదురుపడ్డ మనిషిని ఊరూ పేరూ అడగాల్సిన పని లేకపోయింది. ఆయన నాన్నకి సొంత తమ్ముడు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. అప్పటికి నాలుగేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

మాటలు పోవడానికి కారణం ఉప్పు. మా ఊరు పాలకొల్లుకి దగ్గర్లోనే. తాతగారు పోయాక పొలం అన్నదమ్ములిద్దరికీ చెరిసగం వచ్చింది. రెండు చేలకీ మధ్య ఒకటే గట్టు. వానాకాలం సార్వా, ఎండాకాలం దాళ్వా, రెండు పంటలూ ఇద్దరూ వరే వేసేవారు. నారుమళ్ళు కలిసి పోసుకునేవారు, కోతలకి కూలీలని కలిసి మాట్లాడుకునేవారు. తర్వాత మా వైపుకి వనామి రొయ్య వచ్చింది. 2009లో మన దేశంలో అడుగుపెట్టిన ఈ రొయ్య, నాలుగైదేళ్ళు తిరిగేసరికి గోదావరి జిల్లాల రైతులకి నిద్ర లేకుండా చేసింది. ఏడాదంతా వరి మీద పడి దొర్లితే వచ్చే డబ్బు ఒక్క పట్టుబడిలో, అంటే ఒక్కసారి రొయ్య పట్టి అమ్మితే, కళ్ళజూడొచ్చని టీ కొట్టు దగ్గర లెక్కలు వేసేవారు. 2013లో బాబాయి కూడా ఆ లెక్క వేసుకున్నాడు. ఒకరోజు పొద్దున పొక్లెయిన్ వచ్చి గట్టవతల దిగింది. వారం తిరక్కుండా చేను చెరువైపోయింది.

రొయ్య మంచినీళ్ళలో ఊరికే పెరగదు, దానికి ఉప్పదనం కావాలి. బోరు వేసి లోపలి ఉప్పునీళ్ళు తోడి చెరువు నింపారు. చెరువుగట్టు ఎంత దిమ్మిస కొట్టినా నీరు ఊరక మానదు కదా. ఆ ఊట మెల్లగా మా చేలోకి దిగింది. మొదటి పంటకి ఏమీ తెలియలేదు. రెండో పంటకి గట్టు పక్క నాలుగు బారల మేర వరి ఎర్రబారింది. ఆ పైన దాళ్వాకి అక్కడ కంకులు పాలు పోసుకోకుండానే ఎండి, తాలు మిగిలింది. ఎండలు ముదిరేసరికి మట్టి మీద తెల్లగా చౌడు తేలింది. నాన్న రోజూ పొద్దున్నే వెళ్ళి గట్టు వారన దోసిలితో నీళ్ళు తీసి నాలిక మీద వేసుకుని ఉమ్మేసేవాడు. నేను ఊరెళ్ళినప్పుడు నా చేత కూడా రుచి చూపించాడు. "ఉప్పేనా, కాదా? నువ్వే చెప్పు" అని. ఉప్పే.

చెరువుకీ చేనుకీ మధ్య ఊట బోదె, అంటే ఊరిన నీరు పక్కకి పోయే చిన్న కాలువ, తవ్వమని నాన్న అడిగాడు. తవ్వితే నాకు రెండు సెంట్లు పోతుందని బాబాయి అన్నాడు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు. ఆ రోజు మాటా మాటా పెరిగి, "అంత నష్టమైతే నువ్వూ తవ్వుకో చెరువు, ఎవడొద్దన్నాడు?" అనేశాడు బాబాయి. నాన్న కండువా దులుపుకుని వచ్చేశాడు. అంతే. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఒకరు మొదటి బంతిలో కూర్చుంటే ఇంకొకరు రెండో బంతి దాకా ఆగేవారు. నానమ్మ తద్దినం రెండిళ్ళలో వేరువేరుగా జరిగేది. ఊళ్ళో పంతులుగారు ఒక్కరే కాబట్టి, పొద్దున మా ఇంట్లో స్వయంపాకం పుచ్చుకుని తర్వాత వాళ్ళింటికి వెళ్ళేవారు. నానమ్మ పైనుంచి ఏమనుకునేదో.

నాకైతే బాబాయి అంటే చిన్నప్పటినుంచీ ప్రాణం. పాలకొల్లు క్షీరారామం గోపురం చూపిస్తానని సైకిల్ బారు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. పెళ్లయి హైదరాబాదులో ఉన్న ఆడపిల్లని, ఊరెళ్తే నాన్న చూడకుండా వాళ్ళింటికి ఓసారి తొంగిచూసి వచ్చేదాన్ని. నాన్నకి తెలుసు. అడిగేవాడు కాదు.

ఇంక యాత్ర సంగతి. నాన్నకి అరవై నిండాయి, అమ్మకి ముక్తినాథ్ చూడాలని కోరిక. ఆళ్వార్లు కీర్తించిన 108 దివ్యదేశాల్లో అదొకటి, సాలగ్రామాలు దొరికే చోటు. నేను సెలవు పెట్టి ఇద్దర్నీ తీసుకెళ్ళాను. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్ లేకపోతే ఓటరు కార్డు చాలు. నాన్న ఆ ఓటరు కార్డుని లోపలి జేబులో పెట్టుకుని, దాని మీద పిన్నీసు పెట్టుకుని, ప్రతి గంటకీ తడిమి చూసుకునేవాడు. అప్పట్లో అక్కడ మన పెద్ద నోట్లు తీసుకునేవారు కాదు కాబట్టి అన్నీ వంద కాగితాలే మోసుకెళ్ళాం. మన వందకి వాళ్ళ నూట అరవై. వాళ్ళ గడియారం మనకంటే పావుగంట ముందు. "పావుగంట కోసం వాచీ తిప్పుతానా?" అని నాన్న తిప్పలేదు. తిరిగొచ్చేదాకా టైమ్ అడిగినప్పుడల్లా ఆయన చెప్పడం, మేం మనసులో పదిహేను కలుపుకోవడం.

ఖాట్మండూలో పశుపతినాథుడి దర్శనమైంది. అక్కడ గర్భగుడిలో పూజ చేసే భట్టులు కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళని తెలిసి అమ్మ తెగ మురిసిపోయింది, అదేదో మేనమామ కొడుకు పూజారి అయినట్టు. అక్కణ్ణుంచి బస్సులో పోఖరా. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి చిన్న విమానం, పట్టుమని ఇరవైమంది కూడా పట్టరు. ఎయిర్‌హోస్టెస్ చెవుల్లో పెట్టుకోవడానికి దూదీ, చప్పరించడానికి బిళ్ళా ఇచ్చింది. ఇరవై నిమిషాల ప్రయాణం. ఒక పక్క అన్నపూర్ణ, ఇంకో పక్క ధవళగిరి, రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండలు. వాటి నడుమ కాళీ గండకీ లోయలోంచి పోతుంది విమానం. కిటికీలోంచి చూస్తే కొండ మనకి కింద ఉండదు, పక్కన ఉంటుంది. అమ్మ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం అందుకుంది. సగంలో ఉండగానే దిగిపోయాం.

జోమ్‌సోమ్ నుంచి జీపులో గంటన్నర పైకి వెళ్తే రాణీపౌవా. అక్కణ్ణుంచి గుడికి నడవాలి, లేదా గుర్రం. అమ్మ మోకాళ్ళ నొప్పితో గుర్రమెక్కింది. నాన్న ఎక్కనన్నాడు. దాదాపు 3,700 మీటర్ల ఎత్తు. నాలుగు మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. దారి పొడవునా బౌద్ధుల రంగురంగుల జెండాలు. గుడి చిన్నది, మూడంతస్తుల పగోడా. లోపల విష్ణుమూర్తికి సేవ చేసేది బౌద్ధ సన్యాసినులు. గుండు చేయించుకుని ఎర్ర బట్టలు కట్టిన ఒక చిన్నపిల్ల నవ్వుతూ తీర్థం ఇస్తుంటే అమ్మ ఒక క్షణం తటపటాయించి, తర్వాత చెయ్యి చాపింది.

గుడి వెనక అర్ధచంద్రంలాగా గోడ, ఆ గోడకి వరసగా 108 ఎద్దు తలలు, ఒక్కోదాని నోట్లోంచి ఒక్కో ధార. మంచు కరిగిన నీళ్ళు. వాటన్నిటి కిందా తడుస్తూ పోయి, ఆ తర్వాత గుడి ముందున్న రెండు కుండాల్లో మునగాలి. ఎవరూ నడవరు, అందరూ పరిగెత్తుతారు. కేకలు, నవ్వులు, గోవిందా, హరేరామా, రకరకాల భాషల్లో అయ్య బాబోయ్‌లు. నేను పొడి బట్టలూ తువ్వాలూ పట్టుకుని చివర నిలబడ్డాను. నాన్న పంచె బిగించి దిగాడు.

కొంతదూరం బాగానే పరిగెత్తాడు. మధ్యలో ఎవరో అడ్డమయ్యారు. ముందున్నాయన పరిగెత్తడం లేదు. ఒక్కో ధార కింద ఆగి, నెత్తిన చేతులు జోడించి, ఒక గోవిందనామం చెప్పి, అప్పుడు పక్కకి జరుగుతున్నాడు. వెనక నాన్న వణికిపోతున్నాడు. "జరగండి బాబూ, జరగండి!" అని తెలుగులోనే అరుస్తున్నాడు. ఆయన జరగడు. నాన్న భుజం తట్టబోయి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

దూరం నుంచి నాకు కనపడింది అంతే. నాన్న ఒక ధార కింద కదలకుండా నిలబడిపోయాడు, నెత్తి మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆ ఎత్తులో, ఆ చలిలో ఏ గుండెపోటో అనుకుని బట్టలు అక్కడే పడేసి పరిగెత్తాను. దగ్గరికి వెళ్ళాక నాక్కూడా కనపడింది. ఆ ముందున్నాయన ఎడమ భుజం వెనక అణాకాసంత కాలిన మచ్చ. ఆ మచ్చ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు ఒక దీపావళికి నాన్న వదిలిన తారాజువ్వ పైకి పోకుండా అడ్డంగా పోయి తమ్ముడి భుజానికి తగిలింది. తాతగారు బాదంచెట్టుకి కట్టేసి కొట్టింది నాన్ననే.

బాబాయి వెనక్కి తిరిగాడు.

సినిమాల్లో అయితే ఇక్కడ కౌగిలించుకోవాలి. వీళ్ళు పలకరించుకోనైనా లేదు. ఇద్దరూ తడిసి ముద్దయిన పంచెల్లో, పళ్ళు టకటకలాడుతూ ఒకరినొకరు చూసుకున్నారు. బాబాయి గోడకి అతుక్కుని నిలబడి పెద్దవాడికి దారిచ్చాడు. నాన్న దాటి ముందుకెళ్ళాడు. అంతవరకూ పరిగెత్తిన మనిషి ఇప్పుడు పరిగెత్తడం మానేశాడు. తమ్ముడికంటే తను తక్కువ తినలేదన్నట్టు ఒక్కో ధార కిందా ఆగి, నామం చెప్పి, అప్పుడే కదలడం మొదలుపెట్టాడు. వెనకాల బాబాయి. ముందు అన్న ఆగితే వెనక తమ్ముడు ఆగాలి. వాళ్ళ వెనక ఓ పాతికమంది గుజరాతీలు, తమిళులు వణుకుతూ ఏదేదో అంటున్నారు. అమ్మ ఒడ్డు నుంచి "ఏవండీ, చాలండీ, వచ్చెయ్యండీ" అని మొత్తుకుంటోంది. ఇద్దరూ వినలేదు. కుండాల దగ్గరకొచ్చాక నాన్న ఒక దాంట్లో మునిగితే బాబాయి రెండోదాంట్లో మునిగాడు. తర్వాత మారారు.

ఇదంతా ఎలా కుదిరిందని అప్పుడు ఆశ్చర్యపోయానుగానీ, తర్వాత ఆలోచిస్తే అంత వింతేం కాదు. డెల్టా రైతుకి తీరిక దొరికేది దాళ్వా కోతలయ్యాకే, మళ్ళీ సార్వా నారుమళ్ళు పోసేలోపు. ముక్తినాథ్‌కి దారి ఆ రోజుల్లో బాగుంటుంది కూడా. మా ఊళ్ళోంచి, చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఒక బ్యాచ్ రైల్లో గోరఖ్‌పూర్ వచ్చి, అక్కణ్ణుంచి సునౌలీ సరిహద్దు దాటి బస్సులో కొండెక్కింది. బాబాయీ పిన్నీ ఆ బ్యాచ్‌లో వచ్చారు. మేం హైదరాబాద్ నుంచి వెళ్ళాం కాబట్టి ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు.

తెలియలేదనే అప్పటికి అనుకున్నాం. నాన్న తల తుడుచుకుంటుండగా పిన్ని గబగబా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, మోకాలెలా ఉంది? ఆ నూనె ఏవైనా పనిచేసిందా?" అంది.

ఆ నూనె నేను హైదరాబాద్‌లో కొని కొరియర్‌లో పంపింది. పంపి నెల కూడా కాలేదు. మాటల్లేనిది నాలుగేళ్ళుగా. తువ్వాలు కింద నాన్న చేతులు ఆగాయి. ఓ రెండు క్షణాలాగి, మళ్ళీ తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బాబాయి కొండల వైపు తిరిగి మంచు ఎక్కడెక్కడుందో పరిశీలించాడు. అమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు "ఆఁ, రాత్రిపూట కాస్త నయమేనే" అంది.

సాయంత్రానికి జోమ్‌సోమ్ దిగాం. అది మా ఊరి మెయిన్‌రోడ్డంత కూడా లేదు. ఒకటే వీధి, దాని పక్కనే రన్‌వే, వరసగా లాడ్జీలు. వాళ్ళూ మా లాడ్జీలోనే దిగారు. మధ్యాహ్నం అయ్యిందంటే అక్కడ గాలి మొదలవుతుంది, అలాంటిలాంటి గాలి కాదు, చిన్న గులకరాళ్ళు లేచి కాళ్ళకి తగులుతాయి. లోపల భోజనాల గదిలో పొడుగు బల్ల, బల్ల కింద నిప్పుల కుంపటి, బల్ల చుట్టూ నేల దాకా దుప్పటి కట్టి ఉంది. కాళ్ళు దుప్పటి లోపలికి పెట్టుకుని కూర్చోవాలి. నడుం కింద వెచ్చగా, పైన చలి. చోటు లేక నాన్నా బాబాయీ ఎదురెదురుగా కూర్చోవాల్సొచ్చింది. ముఖాలు చెరోవైపు తిప్పుకున్నారుగానీ కాళ్ళు మాత్రం ఒకే కుంపటి దగ్గర ఉన్నాయి.

వాళ్ళ బ్యాచ్ వంటవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. బియ్యం బస్తాలు, పప్పులు, పచ్చళ్ళ జాడీలు, గ్యాస్ పొయ్యి, పెద్ద పెద్ద కుక్కర్లు. అంత ఎత్తులో నీళ్ళు తొంభై డిగ్రీలు దాటగానే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకు మెత్తబడదు. నాన్న అప్పటిదాకా లాడ్జీల్లో పెట్టే దాల్‌భాత్ నోరెత్తకుండా తింటున్నాడు. పెరట్లోంచి ఇంగువ పోపు వాసన వచ్చింది. నాన్న ముక్కు కదలడం నేను చూశాను. కాసేపటికి పిన్ని ప్లేటు పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ, చారు వేరే గిన్నెలో. "బావగారూ, చల్లారిపోతుంది" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నాన్న గోడ మీదున్న క్యాలెండర్ చూస్తూ మొత్తం తిన్నాడు. ఆవకాయ బద్ద టెంక కూడా వదల్లేదు.

భోజనాలయ్యాక లాడ్జీ కుర్రాడు సాలగ్రామాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. నల్లటి గుండ్రాళ్ళు. కొన్ని రెండుగా పగిలి, లోపల చక్రం ముద్ర చుట్లుచుట్లుగా కనపడుతోంది. అతను హిందీలో చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. ఇవి కోట్ల ఏళ్ళ కిందట బతికిన సముద్రపు జీవుల ముద్రలట, హిమాలయాలు లేవకముందు ఈ నేలంతా సముద్రమేనట అని. అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నారు. నాన్న ఒక రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఎవరివైపూ చూడకుండా అన్నాడు:

"సముద్రం కాదు. ఎవడో రొయ్యల చెరువు తవ్వుంటాడు."

గది మొత్తం నిశ్శబ్దం. బ్యాచ్‌లో ఉన్నవాళ్ళందరూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, అందరికీ కథ తెలుసు. ఒకాయన దగ్గాడు. బాబాయి తల వంచుకుని దుప్పటి అంచు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అయితే రుచి చూడు అన్నయ్యా, ఉప్పగా ఉందేమో."

ముందు పిన్ని నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. తర్వాత అమ్మ. తర్వాత మొత్తం బల్ల. నాన్న నవ్వలేదు. రాయి కింద పెట్టి, "వెధవ" అన్నాడు. పేరు పెట్టి అనలేదుగానీ ఎవర్ని అన్నాడో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ తర్వాత అన్న నోట వచ్చిన మొదటి మాట అదే. బాబాయి ముఖం చూడాలి అప్పుడు.

ఇంతటితో అంతా సర్దుకుందనుకుంటే పొరపాటు. ఆ రాత్రి మళ్ళీ ఎవరి గదికి వాళ్ళు వెళ్ళిపోయారు. పొద్దున్నే మా విమానం. అక్కడ విమానాలు పొద్దుటిపూటే తిరుగుతాయి, గాలి లేచిందంటే ఇక ఆ రోజుకి లేనట్టే. ఆ రోజు తెల్లారేసరికి పోఖరా వైపు మబ్బు కమ్మేసింది. ఒక్కటీ రాలేదు. రేపు వస్తుందో రాదో చెప్పలేమన్నారు. నాకు టెన్షన్ మొదలైంది. ఖాట్మండూ నుంచి ఢిల్లీకి టికెట్లు ఉన్నాయి, నా సెలవు అయిపోతోంది, అమ్మ బీపీ మాత్రలు లెక్కకే తెచ్చుకుంది. బాబాయి వాళ్ళ బస్సు పోఖరాకి బయల్దేరబోతోంది. నేను వెళ్ళి అడిగాను.

"నన్నడుగుతావేంటే పిచ్చిమొహమా! వెనక సీట్లున్నాయి. మీ నాన్న ఎక్కుతాడో లేదో అదడుగు" అన్నాడు.

నాన్నని అడిగాను. "ఛార్జీ తీసుకుంటే ఎక్కుతాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇదా సమయం అనుకుంటూ వెళ్ళి బాబాయికి చెప్పాను. ఆయన ఇసుమంతైనా నొచ్చుకోలేదు. మూడు సీట్లకి ఎంతవుతుందో టూర్ మేనేజర్‌తో మాట్లాడి, ఆ మొత్తం నాన్నకి చెప్పి, నాన్న ఇచ్చిన వంద కాగితాలు అందరి ముందూ వేలు తడిచేసుకుంటూ ఒక్కొక్కటీ లెక్కపెట్టి తీసుకున్నాడు. అప్పుడు నాన్న సంచీ భుజాన వేసుకున్నాడు. బాబాయికి అన్నయ్య సంగతి నాకంటే బాగా తెలుసని ఆ రోజు అర్థమైంది. వద్దని ఒక్క మాటన్నా నాన్న ఆ లోయలోనే కూర్చునేవాడు.

ఆ దారిని దారి అనకూడదు. కాళీ గండకీ పక్కనే రాళ్ళ మీదుగా, ఒక్కోచోట నదిలోంచే వెళ్తుంది బస్సు. మార్ఫా దగ్గర ఆపిల్ తోటలు బాగున్నాయి. ఘాసా దాటాక లోయ ఇరుకైపోయి, రోడ్డు పక్కనే రూప్సే జలపాతం వచ్చింది. అక్కడ దిగి టీ తాగి మళ్ళీ ఎక్కేటప్పుడు సీట్లు మారాయి. ఎవరు మార్చారో తెలీదుగానీ, అమ్మా పిన్నీ ముందు సీట్లో పక్కపక్కన కూర్చుని కబుర్లలో పడ్డారు. నాన్న పక్కన బాబాయి. వాళ్ళ వెనక సీట్లో నేను కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తూ కూర్చున్నాను. ప్రతి గుంటకీ బస్సు ఎగిరి అన్నదమ్ముల్ని ఒకరి మీదికొకర్ని పడేస్తోంది.

చాలాసేపటికి బాబాయి అడిగాడు. "దాళ్వా ఎంతొచ్చింది?"

"ఎకరానికి నలభై రెండు బస్తాలు."

"గట్టు వైపు?"

"అటు కొయ్యలేదు. మేపించేశాను."

మళ్ళీ గుంట. మళ్ళీ మౌనం. తాతోపానీ దగ్గరపడుతుండగా బాబాయే మొదలుపెట్టాడు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ తెగులు వచ్చి పోయాయని, రెండోసారి కిలోకి వంద తూగే వంద కౌంట్ సైజు కూడా రాకముందే అర్ధరాత్రి పట్టుబడి చేసి దొరికినకాడికి అమ్ముకున్నానని, మేత కొట్టువాడి దగ్గర బాకీ పెరిగిపోయి చెరువు లీజుకి ఇచ్చేశానని, ఇప్పుడు ఊట బోదె తవ్వాలన్నా లీజుదారుణ్ణి అడగాలని. పూడ్చి మళ్ళీ వరి వేద్దామంటే ఆ ఉప్పు నేలలో ఏం పండుతుంది అని. గొంతు తగ్గించి, ఎవరికీ తెలియనివ్వలేదన్నట్టు చెప్పుకొచ్చాడు.

"తెలుసు" అన్నాడు నాన్న.

"ఎలాగ?"

"ఊళ్ళోనే కదరా ఉంటా. మేత కొట్టువాడికి రెండేళ్ళ కింద ఎంత బాకీయో, ఇప్పుడెంతో కూడా తెలుసు."

బాబాయి ఇంకేం మాట్లాడలేదు. నేను కాస్త కళ్ళు తెరిచి చూస్తే, నాన్న జేబులోంచి విమానంలో ఇచ్చిన బిళ్ళ తీసి తమ్ముడి చేతిలో పెడుతున్నాడు. దాన్ని ఆయన చప్పరించకుండా దాచుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

మేం తిరిగొచ్చిన కొద్ది రోజులకే, మే 12న, మన ప్రధాని ముక్తినాథ్ వెళ్ళారు. టీవీలో ఆ గుడీ ఆ ధారలూ చూపిస్తుంటే నాన్న ఊళ్ళోంచి నాకు ఫోన్ చేసి చూడమన్నాడు. వెనకాల బాబాయి గొంతు వినపడింది. ఎన్నో ధార దగ్గర ఇద్దరూ ఢీకొన్నారో వాదించుకుంటున్నారు. నాన్న సగం దాటలేదంటాడు, బాబాయి చివరికి వచ్చేశామంటాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

ఆ జూన్‌లో లీజుదారుణ్ణి ఒప్పించి బాబాయి ఊట బోదె తవ్వించాడు. తన వైపు నేలలోనే. నాన్న చేను ఆ ఏడు కాస్త తేరుకున్నట్టే కనపడింది. జిప్సం వేశారు, మంచినీళ్ళు పెట్టి పెట్టి కడిగారు. కానీ అప్పటికి అవతలి పక్కవాళ్ళూ చెరువు తవ్వేశారు, ఆ పై వాళ్ళూ తవ్వేశారు. చుట్టూ చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు, మధ్యలో మా వరిచేను ఒక్కటీ. ఊట ఒక వైపు నుంచి ఆపొచ్చుగానీ నాలుగు వైపుల నుంచి ఎలా ఆపుతారు? 2021లో నాన్న కూడా చేను లీజుకిచ్చేశాడు. లీజుదారుణ్ణి తెచ్చిందీ, ఎకరానికి ఎంతని గట్టిగా బేరమాడిందీ, కాగితాల మీద సాక్షి సంతకం పెట్టిందీ బాబాయే. "నువ్వూ తవ్వుకో" అని తిట్టిన తిట్టు ఏడేళ్ళకి నిజమైంది. పొక్లెయిన్ వచ్చిన రోజు అన్నదమ్ములిద్దరూ పొలం వైపు వెళ్ళకుండా మా ఇంటి అరుగు మీద కూర్చుని పేకాడారట.

దాన్ని కలిసిపోవడం అనాలో, ఇద్దరూ కలిసి ఓడిపోవడం అనాలో నాకు తెలీదు. నాన్న ఆరోగ్యం బాగుంది, లీజు డబ్బు టైముకి వస్తోంది. నానమ్మ తద్దినం ఇప్పుడు ఒకే చోట పెడుతున్నారు, పంతులుగారికి శ్రమ తగ్గింది. అమ్మ మాత్రం జీవితంలో మొదటిసారి బియ్యం కొనుక్కుంటోంది. పాలకొల్లు నుంచి ఇరవై ఆరు కిలోల బస్తా వస్తే, చేతిలో పోసుకుని చూసి, ఇవేం బియ్యం అని ప్రతిసారీ అంటుంది.

పిన్నితో ఫోన్ల సంగతి అడుగుదామని ఈ మధ్య ఊరెళ్ళినప్పుడు కదిపాను. ఆ నాలుగేళ్ళూ నాన్న పొలానికి వెళ్ళగానే రోజూ మాట్లాడుకునేవారట, గంటలు గంటలు. ఇప్పుడో అన్నాను. "ఇప్పుడేముందే, ఎదురుగానే కనపడుతుందిగా. నాలుగు మాటలయ్యేసరికి ఏం తోచదు" అంది అమ్మ.